ఎర్ర చీటీ

ఉరవకొండ,
12-4-1961

డాక్టరు గారికి, మీ కాంపౌండరు నమస్కరించి రాసుకునే ఉత్తరం.

మీరు మద్రాసు నుంచి వచ్చి, మా ఊళ్లో అందరి నోళ్లూ పరీక్షించి వెళ్ళి నెల దాటింది. చదువు రానివాళ్లకు తెలియాలని, రాచపుండు (క్యాన్సరు) అనుమానం ఉన్న పదకొండు మందికి ఎర్ర చీటీలు, మిగతావాళ్లకు తెల్లవి ఇచ్చారు. ఎర్రచీటీల వాళ్లను గుంతకల్లులో మీ ఆసుపత్రికి మద్రాసు రైలెక్కించమన్నారు. ఒక్కరూ రాలేదు.

తప్పు నాదే. జనాన్ని బెదరగొట్టవద్దన్నారు గనక రంగుల అర్థం చెప్పలేదు. ఎరుపు కుంకుమ రంగు, శుభం అనుకున్నారు. తెలుపు శవం మీది గుడ్డ అనుకున్నారు. తెల్లచీటీల వాళ్లు రోజూ వచ్చి ఏడుస్తున్నారు. చౌడమ్మ ఎర్రచీటీకి పసుపు రాసి దేవుడి గూట్లో పెట్టింది. "నాకేమైతాదప్పా, ఎర్రది వచ్చిండాదే" అని నెత్తురు ఉమ్మి నవ్వింది.

ఇప్పుడు చీటీలు చేతులు మారుతున్నాయి. ఎర్రది దొరికినవాళ్లు తమకు కావలసినవాళ్లకు ఇచ్చుకుంటున్నారు. చీటీల మీద పేర్లు లేవు, మీ పుస్తకంలోనే ఉన్నాయి. ఆ పదకొండు పేర్లూ వెంటనే తంతి కొట్టించండి.

మా ఇంట్లోనూ ఒక ఎర్రది ఉంది. మా అమ్మ దాన్ని కోడలి కొంగున ముడివేస్తుంది. మర్నాటికి అది మళ్ళీ అమ్మ వక్కాకు సంచిలో ఉంటుంది. మొదట ఎవరికిచ్చారని అడిగితే, "నీకెందుకప్పా" అంటుంది అమ్మ. నా భార్య నవ్వుతుంది.

టార్చిలైటు వేసి చూస్తానన్నాను. చూస్తే దిష్టి తగులుతుందని ఇద్దరూ నోరు తెరవడం లేదు.