పన్నెండో భాగంలో నా ప్రశ్న

లింగ్‌షూ,

గంజి కుక్కర్లో వెచ్చగా ఉంది. ఉప్పులో ఊరేసిన గుడ్డు కోసి పెట్టాను. తిన్న గిన్నె తలుపు బయట పెట్టు, వచ్చాక కడుగుతాను.

మన సీరియల్ పన్నెండో భాగం నీకంటే ముందే చూసేశాను, కోప్పడకు. హంతకుడెవరో చెప్పనులే. అందులో ఆ పిల్ల గదిలోంచి రానని మొండికేసినప్పుడు, చూసేవాళ్లు రాసే మాటలు తెర మీద పరిగెడతాయి కదా, వాటిలో ఒక ప్రశ్న ఉంటుంది. "మా అమ్మాయీ బడి మానేసి గదిలోనే ఉంటోంది, ఏం చెయ్యను?" అది నేను రాసిందే. సీరియల్ వాళ్లకే చేరుతుందనుకున్నాను, దేశమంతా చదువుతుందని తెలీదు.

"ఇది సీరియలమ్మా, ఆసుపత్రి కాదు" అని ఒకడు వెక్కిరించాడు. చెంగ్డూ ఊరావిడెవరో మాత్రం, "తలుపు కొట్టకండి, బయట కూర్చోండి చాలు" అంది.

వారం నుంచి నీ గుమ్మం దగ్గర వెల్లుల్లి ఒలుస్తున్నది అందుకే. నడుం పట్టేసింది. బస్సుకి టైమైంది.

అమ్మ

వెల్లుల్లి అయిపోయింది. సాయంత్రం వట్టి చేతులతోనే కూర్చుంటాను.