అక్క కోసం ప్రార్థన

జూన్ 2, సోమవారం

ఈ ఇంట్లో మొగుడూ పెళ్లాలే అయినా అన్నకొక గది, అక్కకొక గది. నన్ను పనికి పెట్టుకున్నది వాళ్ల బాబును ఆడించడానికి. మిగతావి నాకెందుకు? అయినా మనసు ఊరుకోదు. బాబు నిద్రపోతే చాలు, నా చెవి గోడకు అంటుకుంటుంది.

జూన్ 4, బుధవారం

అక్క స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడుస్తోంది. ట్యాంకరు నీళ్లు... బకెట్ పొర్లిపోతున్నా కట్టదు.

జూన్ 6, శుక్రవారం

డైపర్ల కోసం బీరువా పైన చూశాను. అబద్ధమెందుకు, చూడాలనే చూశాను. దుప్పట్ల వెనక సంచి. రెండు చీరలు, బాబు చొక్కాలు, పాలడబ్బా, ఆధార్ కార్డులు. తిరిగేసరికి వెనక అక్క! కొడుతుందనుకున్నాను. నా చెయ్యి పట్టుకుంది. ఆమె మోచేతి మీద కమిలిన మచ్చ.

"ఎవ్వరికీ చెప్పొద్దు పాపా. వచ్చే శుక్రవారం ఆయన ఊళ్లో ఉండడు. ఈడ రైలు స్టేషన్లో అందరూ ఆయన మనుషులే. గిద్దలూరు పోయి రైలెక్కుతా, మా అమ్మకాడికి..."

చెప్పనక్కా అన్నాను. నిజంగానే అన్నాను.

జూన్ 8, ఆదివారం

మా ఊరి చర్చిలో ప్రార్థన మనవులు చెప్పే వేళ. ఒకామె బోరు గురించి, ఒకామె మోకాళ్ల గురించి. నాకేమో గుండె నిండా అక్కే. దేవుడికి చెప్పడం ఎవరికో చెప్పడం కాదు కదా... లేచాను. పేరు చెప్పలేదు. "నేను పనికి పోయే ఇంట్లో అక్క, బాబు శుక్రవారం ప్రయాణమై పోతుండారు. కొట్టే చేతి నుంచి క్షేమంగా తప్పించుకోవాల."

అందరూ గట్టిగా ఆమెన్ అన్నారు. ఎంత ధైర్యం వచ్చిందో!

జూన్ 9, సోమవారం

అన్నది బడిపిల్లల పలకల ఫ్యాక్టరీ. అక్కడ పలకలకు ఫ్రేములు బిగించేది మా చర్చి ఆడవాళ్లే. నాకు తెలుసు. నిన్న ఎందుకు గుర్తు రాలేదు?

సాయంత్రం, వాళ్లలో ఒకామె, సుగుణత్త, ఎదురొచ్చి నవ్వుతూ చెప్పింది: "మీ అక్క కోసం పనికాడ గూడా మోకరించినామే. మేస్త్రీ ఏందని అడిగినాడు. చెప్పినాం."



జూన్ 10, మంగళవారం

సంచి హాల్లో బోర్లించి ఉంది. అన్న సోఫాలో, ఒళ్లో బాబు. గొంతు మెత్తగా: "మంచిపిల్లవమ్మా నువ్వు. రేపటి నుంచి రావొద్దులే."

అక్క గదికి బయట గడియ. లోపల కుళాయి చప్పుడు కూడా లేదు.

బాబు నాకోసం చేతులు చాచాడు.

జూన్ 12, గురువారం

పోలీసుల దగ్గరికి పోదామన్నాను. మా అమ్మ నా నోరు మూసింది: "ఆయనకాడ మనోళ్లు ఎంతమంది కూలికి పోతుండారో తెలియదా నీకు?"

పోనీ, అక్క వాళ్లమ్మకు చెబుదామంటే ఊరు తెలియదు. బీరువా వెతికాను, గోడకు చెవి పెట్టాను. అదొక్కటి అడగలేదు.

జూన్ 13

ఈరోజే ఆ శుక్రవారం.

జూన్ 14, శనివారం

సుగుణత్త వచ్చి వెళ్లింది. ప్రార్థన ఫలించిందో లేదో రేపు నేను లేచి సాక్ష్యం చెప్పాలని పాస్టరమ్మ చెప్పి పంపారట. "మేస్త్రీ గూడా వస్తాడంట నువ్వు చెప్పేది వినేదానికి. ఎప్పుడూ చర్చి మెట్టెక్కనోడు! ప్రభువు కార్యమే గదా..."

అన్నే పంపుతున్నాడు. అత్తకు అర్థం కాదు.

ఆ రోజు నోరు తెరిచాను, అక్కకు గడియ పడింది. రేపు మూసుకుంటే ఆ గడియ ఎవరు తీస్తారు? మళ్లీ తెరిస్తే ఆమెను ఏం చేస్తాడు?

ప్రభువా, తెల్లారనివ్వకు.