పిడి ఉన్న పెట్టె

కోపం చల్లారాకే ఈ ఉత్తరం విప్పాల్సిన వదినకు,

సంగతేంటో ఫోన్‌లో చెప్పమన్నారు. ఫోన్‌లో అయితే నా రెండో మాటకే మీరు అడ్డం పడతారు, మూడో మాటకి మీ తమ్ముడిని వెనకేసుకొస్తారు, ఆ తర్వాత ఇద్దరం ఆ పూట వంటేమిటో చెప్పుకుని పెట్టేస్తాం. అందుకే రాస్తున్నాను. విడాకులు మీ తమ్ముడికీ నాకూ అయ్యాయి గానీ మీకూ నాకూ కాలేదు కదా, ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

ఈమధ్య నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. నిన్న ల్యాబ్‌లో ఒక పెద్దాయనకి కట్టుడు పళ్లు తయారుచేస్తూ, ఎడమవైపు పెట్టాల్సిన కోరపన్ను తీసి కుడివైపు మైనంలో గుచ్చాను. ఈ పనిలో చేరిన కొత్తలో కూడా చేయని పొరపాటు అది. మా సూపర్‌వైజర్ దాన్ని చేతిలోకి తీసుకుని, "పాపం, ఈయన ఎటువైపు నవ్వాలి?" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ సమయానికి నా బుర్రంతా పవర్ సప్లై మీద ఉందని వాళ్లకి ఎలా చెప్పను?

కంగారుపడకండి, ఒంట్లో బాగానే ఉంది. నా కూతురికి, అదే మన కందిరీగకి, గేములు ఆడుకునే కంప్యూటర్ కొనబోతున్నాను, అంతే. ఎప్పటినుంచో దాని కోరిక. తయారుచేసి అమ్మేవి కొనాలంటే నా దగ్గరున్న డబ్బుకి వచ్చేది ఒట్టి డొల్ల. భాగాలు విడివిడిగా ఎంచుకుని మనమే బిగించుకుంటే కాస్త గట్టిది వస్తుందట. ఆ ఎంచుకోవడం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ నాకు తల ప్రాణం తోకకి వస్తోంది. ప్రాసెసర్ మంచిది తీసుకుంటే బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డుకి డబ్బు చాలదు. కార్డు మంచిది తీసుకుంటే దానికి కరెంటు అందించే పవర్ సప్లై పెద్దది కావాలి, అప్పుడు ర్యామ్ సగమవుతుంది. పై పళ్లు సరిచేస్తే కింది పళ్లు కలవవు, కింది పళ్లు అరగదీస్తే పైవి వదులవుతాయి. ల్యాబ్ నుంచి ఇంటికొచ్చే దారిలో రోజూ ఆ భాగాల కొట్టు దగ్గర ఆగుతున్నాను. నిన్న కొట్టతను దండం పెట్టి, "అమ్మా, ముందు ఇంట్లో కూర్చుని ఒక మాట అనుకుని రండి" అన్నాడు.

ఇంట్లో కూర్చోగలిగితే ఇన్ని తిప్పలెందుకు?

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. మీ మేనకోడలు శనివారం మధ్యాహ్నం వస్తుంది, ఆదివారం సాయంత్రం వెళ్లిపోతుంది. భుజాన ఒక సంచి. ఆ సంచి నా ఇంట్లో ఎప్పుడూ సర్దుకున్నది సర్దుకున్నట్టే ఉంటుంది. కావాల్సింది ఒక్కటి తీస్తుంది, పని అవగానే మళ్లీ అందులోనే పెట్టేస్తుంది. తడి ఆరకముందే బ్రష్షుని కవర్లో చుట్టి లోపల పడేస్తుంది. ఒకసారి నేనే కొత్త బ్రష్షు కొని గ్లాసులో పెడితే, "వద్దులేమ్మా, నాది ఉందిగా" అంది. పళ్ల మీద బతికేదాన్ని, కూతురి బ్రష్షు ఒకటి నా ఇంట్లో ఉంచుకోలేకపోయాను.

అంతేనా, "అమ్మా, ఫ్రిజ్ తీయొచ్చా?" అని అడుగుతుంది. అక్కడ వాళ్ల నాన్న దగ్గర కూర బాలేదని కంచం తోసేసే పిల్ల, నేను ఏం పెట్టినా "బాగుందమ్మా" అని తింటుంది. మాడిపోయింది పెట్టినా బాగుందనే అంది. దానికి కందిరీగ అని పేరు పెట్టింది మీరే కదా, ఆ కందిరీగ నన్ను కుట్టడం మానేసింది వదినా. చుట్టాలింట్లో ఉన్నట్టు మర్యాదగా ఉంటోంది. ఆ మర్యాద చూస్తే నాకు ఏడుపొస్తుంది.

ఈసారి పరీక్షలయ్యాక ఎవరి దగ్గర ఉండాలో పిల్లే చెప్పాలని అందరం కూర్చుని ఒప్పుకున్నాం. పరీక్షలు ఎంతో దూరం లేవు. మిగతా భాగాల సంగతి ఎటూ తేలలేదు గానీ, వాటన్నిటినీ పెట్టే పెట్టె మాత్రం మొదటిరోజే ఎంచుకున్నాను. క్యాబినెట్ అంటారు దాన్ని. కొట్టులో ఉన్నవాటన్నిటిలోకీ పెద్దది, ఉక్కుది, పక్కలకి మందపాటి గాజు. నేనుండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అది ఒకసారి మెట్లెక్కిందంటే మళ్లీ దిగదు. పిల్ల ఆటలు, ఆటల్లో దాని స్నేహితులు, అన్నీ నా గదిలోనే ఉంటాయి. అప్పుడు పిల్ల ఎక్కడుంటుంది, మీరే చెప్పండి.

అవును, ఎర వేస్తున్నాను. మీరనేలోగా నేనే అనేస్తున్నాను. మీ తమ్ముడి చెవిన మాత్రం వేయకండి. రేపు మీ పళ్లూడితే కట్టుడు పళ్లు చేయాల్సింది నేనే, గుర్తుంచుకోండి.

ఉంటాను,
మీ పళ్ల మరదలు

* * *

ఒక్క ముక్కలో నా నోరు మూయించిన వదినకు,

అంత పొడుగు ఉత్తరం రాస్తే మీరు తిప్పి రాసింది "పిల్లని అడిగావా?" అని ఒక్క ముక్క. కారు నేర్పేవాళ్లు కదా, పక్కన కూర్చుని బ్రేకు తొక్కడం మీకు బాగా అలవాటు. ఆ ముక్క చదివినప్పటినుంచీ స్థిమితంగా ఉండలేక, శనివారం పిల్లనే వెంటబెట్టుకుని కొట్టుకి వెళ్లాను. ఏం జరిగిందో వినండి.

కొట్టులో అడుగుపెట్టగానే దానికి ప్రాణం లేచొచ్చింది. కొట్టతను రాసిచ్చిన ధరల చీటీ ఒక్కసారి చూసి, "అంకుల్, ఈ రంగు లైట్ల ఫ్యాన్లు ఎవరడిగారు? అవి తీసేసి పవర్ సప్లై మంచిది వేయండి. రేపు అది కాలిపోతే మీరొస్తారా మా ఇంటికి?" అంది. అతను నావైపు చూశాడు. నేను గోడవైపు చూశాను, నవ్వు కనబడకుండా. ప్రాసెసర్ ఈ ఏడాదిది అక్కర్లేదు, నిరుటిది చాలంది. ర్యామ్ తర్వాతైనా వేసుకోవచ్చంది. నేను రోజుల తరబడి కొట్టుకున్న చిక్కుముడిని అది నిలబడ్డచోటే విప్పేసింది. గ్రాఫిక్స్ కార్డు మాత్రం తనకి నచ్చినదే, ఎప్పటినుంచో ఫోన్ తెర మీద బొమ్మ పెట్టుకుని చూసుకుంటున్నదే. అది కూడా లెక్కలో సరిపోయింది. వదినా, ఆ కాసేపు నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేను. ఎన్నాళ్లకి దాని గొంతు పెద్దగా విన్నానో.

అప్పుడు క్యాబినెట్ దగ్గరికొచ్చాం. నేను పెద్దదాని మీద చెయ్యివేసి నిలబడ్డాను. పిల్ల దానివైపు చూడనే లేదు. కింది అరలోంచి ఒక బుల్లిపెట్టె బయటికి లాగింది. పైన తోలు పిడి, స్కూలు సంచిలో పట్టేంత ఉంది.

"ఇది చాలమ్మా," అంది.

కొట్టతను తల గోక్కుని, "దీనికి చిన్న మదర్‌బోర్డు కావాలమ్మా. చిన్నదే ఖరీదెక్కువ. మీరన్న డబ్బులో అంటే కార్డు ఒక మెట్టు దిగాల్సొస్తుంది" అన్నాడు.

"దిగుదాం," అంది పిల్ల. రాత్రింబవళ్లు ఫోన్లో చూసుకున్న కార్డుని ఒక్క మాటతో వదిలేసుకుంది.

"ఎందుకే? దాంట్లో గాలి కూడా ఆడదు," అన్నాను.

"నాన్న దగ్గరికి కూడా తీసుకెళ్లాలి కదమ్మా. అక్కడ టీవీకి తగిలిస్తా."

నేను ల్యాబ్‌లో కళ్లు పొడుచుకుని సంపాదించింది, చివరికి వాళ్ల నాన్న టీవీకి తగిలించడానికా అనిపించింది. నోరు జారాను. "అయితే నాన్ననే కొనమను," అన్నాను, కొట్టతని ముందే. దాని ముఖంలో అప్పటిదాకా ఉన్న కళ పోయింది. పెట్టెని తీసినచోటే జాగ్రత్తగా పెట్టేసింది. ఏమీ కొనకుండా వచ్చేశాం. బస్సులో నా పక్కన కూర్చుని, "సరేలేమ్మా, పెద్దదే కొను. డబ్బులు నీవి కదా, నీ ఇష్టం" అంది. మళ్లీ అదే మర్యాద. రెండు చెంపలూ వాయించినా అంత నొప్పి ఉండేది కాదు.

అప్పటినుంచీ నేను నేనుగా లేను. ఈ ఉత్తరం రాస్తూనే ఎన్నిసార్లు లేచానో. లేచి కిటికీ దాకా వెళ్తాను, మళ్లీ కూర్చుంటాను, రాసింది కొట్టేస్తాను. కన్నతల్లి ఇంట్లో దాని వస్తువు ఒక్కటైనా ఉండిపోకూడదా? వారానికోసారి సంచితో వచ్చి సంచితో పోయినట్టు, కంప్యూటర్ కూడా వచ్చి పోవాలా? రేపు వెళ్లి పెద్దదే కొనేస్తున్నాను. తనే కొనమంది కదా. ఆ కార్డే వేయిస్తాను, ఆడుకోవడం మొదలుపెడితే అన్నీ మరిచిపోతుంది. ఈసారి మాత్రం బ్రేకు తొక్కకండి.

మీ మొండి
పళ్ల మరదలు

* * *

నేను మాట వినకపోయినా మాట్లాడటం మానని వదినకు,

మీ జవాబు వచ్చేలోపే వెళ్లాను. పెద్దదాని కోసం సంచి విప్పి డబ్బు బల్లమీద పెట్టబోతుంటే కొట్టతను, "ఉండండి, ముందు బండి దాకా చేర్చి చూద్దాం, ఒక్కరు మొయ్యలేరు" అన్నాడు. అటు చివర అతను, ఇటు చివర నేను పట్టుకున్నాం. నాలుగడుగులు వేసేసరికి నా వేళ్లు తెగిపోతున్నాయి.

ఆ బరువు చేతుల్లో ఉండగా నాకు ఆ రోజు గుర్తొచ్చింది. మీ తమ్ముడి ఇంట్లోంచి నేను బయటికొచ్చిన రోజు. ఆ ఇంట్లో ఇనుప బీరువా నేను కొన్నదే. కుట్టుమిషను నాది, మంచం నాది. కొత్త కాపురంలో మీరూ నేనూ కలిసి ఆ బీరువాని గది మధ్యలోంచి గోడవారకి నెట్టాం, మీ కాలిగోరు ఊడింది కూడా. అవన్నీ ఉన్నచోటే ఉన్నాయి, నేను ఒక్క సూట్‌కేసుతో మెట్లు దిగాను. ఉండలేక వచ్చేశాను. ఎంత బరువైన సామాను ఉన్నా నన్ను ఉండమనలేకపోయింది. మరి ఈ గాజుపెట్టె నా కూతుర్ని ఎలా కట్టిపడేస్తుందనుకున్నాను?

"దించేయండి," అన్నాను.

"చెయ్యి జారుతోందా అమ్మా?"

"కాదు. ఆ చిన్నది ఇవ్వండి. పిడి ఉన్నది."

అతను కింది అరలోంచి తీశాడు. అమ్ముడుపోనివ్వలేదట. "ఆ పాప మళ్లీ వస్తుందనుకున్నాను" అన్నాడు. చిన్న బోర్డు, ఒక మెట్టు దిగిన కార్డు, నిరుటి ప్రాసెసర్ కట్టించుకుని, వాడిన మానిటర్ ఒకటి కలుపుకుని ఒక్కదాన్నే మూడంతస్తులూ ఎక్కించాను, రెండు విడతలుగా.

శనివారం పిల్ల వచ్చి బల్లమీద పెట్టెలు చూసింది. సంచి దించలేదు. పిడి మీద వేలు పెట్టి, "కార్డు?" అంది.

"ఒక మెట్టు దిగాను," అన్నాను. "మొన్న కొట్టులో అలా అనకుండా ఉండాల్సింది. నువ్వు నా దగ్గర ఉండిపోతావని పెద్దది కొనాలనుకున్నానే. అందుకే కోపమొచ్చింది."

అది సంచి దించి, "స్క్రూడ్రైవర్ ఉందా?" అంది.

ఇద్దరం కూర్చుని బిగించాం. స్విచ్చు తీగలు కొన్ని ఉంటాయి వదినా, చీమ తలకాయంత సూదులకి గుచ్చాలి. దాని వేళ్లకి అందక విసుక్కుంటుంటే, నేను ల్యాబ్ నుంచి తెచ్చుకున్న చిమటా తీసి ఒక్కొక్కటే గుచ్చాను. "అమ్మా, అది పన్ను కాదు, మెల్లగా" అంది. అన్నీ అయ్యాక మీట నొక్కితే వెలగలేదు. బిగించిన ప్రతి మర మళ్లీ చూశాం. చివరికి చూస్తే, వెనక పవర్ సప్లైకి ఉన్న చిన్న స్విచ్చు వేయలేదు. "ఇందాకట్నుంచీ అక్కడే కూర్చున్నావు, అది చూడలేదా నువ్వు?" అని నా మీద ఒంటికాలి మీద లేచింది. కుర్చీ బాలేదంది, ఇంటర్నెట్ తాబేలంది, కూరలో ఉప్పు లేదంది, ఫ్రిజ్ అడక్కుండా తీసి పెరుగు వేసుకుంది. ఆ కందిరీగ చేత కుట్టించుకుంటూ ఎంత హాయిగా కూర్చున్నానో మీరు చూసి ఉండాల్సింది.

ఆదివారం సాయంత్రం మీ తమ్ముడు కింద నిలబడి హారన్ కొట్టాడు. పిల్ల సంచి తెచ్చి బల్లమీద బోర్లించింది. రెండు జతల బట్టలు, ఒక పుస్తకం, తలదువ్వెన, కవర్లో చుట్టిన బ్రష్షు. ఖాళీ సంచిలోకి కంప్యూటర్ పెట్టెని దింపి జిప్పు లాగింది. జిప్పు కష్టంమీద పట్టింది.

"సంచిలో చోటు లేదమ్మా. ఇవన్నీ ఇక్కడే ఉండనీ," అంది.

అంతే అంది. మెట్లు దిగుతూ రెండో అంతస్తు నుంచి, "వచ్చే శనివారానికి ఆ కుర్చీ మార్చు, నా నడుం విరిగింది" అని అరిచింది. పరీక్షలయ్యాక ఎక్కడుంటుందో నేను అడగలేదు, అడగను కూడా. అల్మరాలో ఒక అర ఖాళీ చేసి బట్టలు మడతపెట్టాను. బ్రష్షు కవర్లోంచి తీసి, నా బ్రష్షు ఉన్న గ్లాసులోనే వేశాను.

మీ డ్రైవింగ్ స్కూలు ఆఫీసులో చక్రాల కుర్చీ ఒకటి ఊరికే పడి ఉండాలి. శనివారంలోగా పంపించండి. నా దగ్గర ఇక డబ్బుల్లేవు.

మీ
పళ్ల మరదలు