రెండు వైపులా గడియ

యుద్ధకాలంలో నౌకాదళంలో చేరి, బాయిలర్ గదిలో పనిచేసి రిటైరైన నేను, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో రాస్తున్న వీలునామా ఇది. గుండె మొరాయిస్తోంది, ఈ వారం గడిస్తే గొప్పేనని డాక్టరు చెప్పేశాడు. బుర్ర మాత్రం సవ్యంగానే ఉంది. అనుమానముంటే నాతో పేకాడి చూడండి.

1. మా ఓడకు టార్పెడో తగిలినప్పుడు ఆర్డరు ఒక్కటే: నీళ్ళు చేరిన గది తలుపు బయటినుంచి బిగించేయాలి, లోపల ఎవరున్నా సరే. లోపల నేనున్నాను. నడుము దాకా నీళ్ళు. తలుపు బాదీ బాదీ చేతులు పడిపోయాయి. మేం గరిటె అని పిలిచే ఓడ వంటవాడు ఆర్డరు మీరి గొళ్ళేలు ఊడదీశాడు. "చెయ్యియ్యరా వెధవా, ఏడుపు తర్వాత!" అన్నాడు. యుద్ధం గెలిచాక నాకు పతకమిచ్చారు, అతన్ని జైల్లో పెట్టారు. ఆ తీర్పు చెప్పినవాళ్ళను ఇప్పటికీ క్షమించలేదు. పతకం, వీధి చివర టీకొట్టు నడిపే గరిటె కూతురికి చెందాలి.

2. ఉన్ని కోటు పెద్దకోడలికి. రోజూ అటువైపు నుంచి నడిమి తలుపు కింది సందులోంచి నాకు పేపరు జరుపుతుంది. మొగుడికి తెలియదనుకుంటోంది, పిచ్చిపిల్ల. రేడియో చిన్నకోడలికి. మధ్యమధ్య గురగురలాడుతుంది గానీ, మా చిన్నాడితో వేగుతున్న మనిషికి అదో లెక్క కాదు.

3. ఇక ఇల్లు. మీ అమ్మకు ఆపరేషన్ చేయించాల్సిందేనని పెద్దాడు, వద్దని చిన్నాడు పట్టుబట్టారు. ఎటూ తేలకముందే ఆమె పోయింది. ఆ రోజే ఇల్లు రెండు వాటాలు చేసుకుని, నడిమి తలుపుకు ఇటొకడు, అటొకడు గడియలు బిగించారు. ఆ తలుపు చూసినప్పుడల్లా నడుము చుట్టూ నీళ్ళు చేరుతున్నట్టే ఉంటుంది. నాకు భయంగా ఉందిరా.

4. నేనుండేది మేడమీద చిన్నాడి వైపు, వెనక గదిలో. వాడు కిందికి దిగే ఇనుప మెట్లు మెలికలు తిరిగి ఉంటాయి, వాటిమీద స్ట్రెచర్ దిగదు. కాబట్టి నా శరీరాన్ని నడిమి తలుపు గుండానే, పెద్దాడి వైపు వెడల్పు మెట్ల మీదుగా వీధిలోకి తేవాలి. ఎవరి గడియ వాళ్ళే తీయాలి, వడ్రంగిని పిలిస్తే చెల్లదు. తీస్తే ఇల్లు ఇద్దరికీ చెరిసగం, సర్వహక్కులతో. నేను పోయిన రోజు పొద్దు గూకేలోగా తీయకపోతే మొత్తం గరిటె కూతురిది. ఇది అమలు చేసే బాధ్యత మందుల షాపు పెద్దాయనకు అప్పగిస్తున్నాను. ఆయనకు మొహమాటాల్లేవు.

అప్పుడు నన్ను బయటికి లాగడానికి ఒక్కడు సరిపోయాడు. ఈసారి మీరిద్దరూ కావాలి.

ఈ నెల పదకొండో తేదీ, బుధవారం.
సంతకం: మీ నాన్న
సాక్షులు: నా గుండె చూసే డాక్టరు, ఎదురింటి టైలరు