ఎర్ర ఉన్ని కట్టిన కార్దోన్

ఓహో సెకో గ్రామం,
15 నవంబరు 1987, ఆదివారం పొద్దున.

రెమీహియో అన్నకు,

కసిల్దా నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మనుషులమూ లామాల మందా బాగానే ఉన్నాం, బాగా లేనిది చర్చి తలుపొక్కటే. పదకొండేళ్ళ తరవాత ఉత్తరం రాస్తూ ఇంత మామూలుగా మొదలుపెట్టిందేమిటని తిట్టుకోకు. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఇప్పటికే రెండు కాగితాలు చింపేశాను. నువ్వుండే ఊరి పేరు ఉప్పు లారీ డ్రైవరు చెప్పాడు.

మీ గురువు తొరీబియో తాత కార్దోన్ జెముడు చెక్కతో చేసిన తలుపు పోయిన నెల గాలికి నిలువునా చీలిపోయింది. కండెలారియా తల్లి పండుగకి పట్నం నుంచి ఇనుప తలుపు తెప్పిస్తానని ఊరి సభలో పట్టుబట్టాడు, మన ఊరిపెద్ద సిరీలో. "ఇనుముకి పురుగు పట్టదమ్మా" అని నాకు పాఠం చెప్పబోయాడు. "కార్దోన్ చెక్కకి కన్నాలుంటాయి, వాటిలోంచి లోపలికి ఇంత వెలుతురొస్తుంది. ఇనుప తలుపు బిగించి ఆ తల్లిని జైల్లో పెడతావా?" అన్నాను. అందరూ నవ్వారు. దొరొతేయా అత్త మాత్రం, "చేసేవాడేడే మరి? ఉన్న ఒక్కణ్ణీ మనమే తరిమేశాం కదా!" అంది.

అప్పుడు నీ పేరెత్తాను. సిరీలో గయ్యిమని లేచాడు. "బతికున్న కార్దోన్‌ని నరికినోడి చెయ్యి దేవుడి తలుపు మీద పడనిస్తామా?" అన్నాడు.

నిలబడే చచ్చి, నిలబడే ఎండిపోయిన కార్దోన్‌ని తప్ప మన ఊళ్ళో ఎవరూ ముట్టుకోరు. తొరీబియో తాత రాయితో కొట్టి, డొల్ల చప్పుడు విని, ఎర్ర ఉన్ని కట్టి వస్తేనే నువ్వు గొడ్డలి ఎత్తేవాడివి. ఆ రోజు కూడా ఉన్ని చూశాకే వేటు వేశానన్నావు. మూడో వేటుకి నీళ్ళు చిమ్మితే, బతికుందని తెలిసి ఆపేశానన్నావు, నువ్వే వచ్చి చెప్పావు. వారం తిరక్కుండా గాలికి అది కూలింది. దాని మీద ఉన్ని పోగైనా లేదు. తాత "నేను కట్టలేదు" అని ఒట్టు పెట్టాడు. "తప్పు చేసి ముసలాయన మీదకి తోస్తావా?" అని ఊరంతా నీ మొహాన ఉమ్మినంత పని చేసింది.

ఈ మధ్యాహ్నం మళ్ళీ సభ ఉంది. సిరీలో ఎంత అరిచినా నేను కూర్చోను, ఆడదానివి నోర్ముయ్యమన్నా ముయ్యను. నువ్వు అబద్ధం ఆడలేదని ఒప్పించే బయటికి వస్తాను. నీ పనిముట్లు సర్దుకునే పనిలో ఉండు.

ఇట్లు,
నువ్వు మొండిఘటం అని పిలిచిన
కసిల్దా

తా.క. సభ అయిపోయింది. అక్కడ చెప్పిందే నీకూ రాస్తున్నాను. ఆ ఉన్ని కట్టింది నేనే, అన్నా. ఆ ఏడు వడగళ్ళ వానలో ఆ కార్దోన్ చాటున నక్కి నేనూ, ఆ పూటే పుట్టిన లామా పిల్లా బతికిపోయాం. పండక్కి లామాల చెవులకి కట్టినట్టే దానికీ కట్టాను, చల్లగా ఉండమని. అది నీకు గొడ్డలి వెయ్యమనే గుర్తు అవుతుందని నా బుర్రకి తట్టలేదు. కూలిన పొద్దున అందరికంటే ముందు పరుగెత్తి దాన్ని విప్పేసిందీ నేనే. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు, భయమేసింది. తరవాత పదకొండేళ్ళూ అదే భయం.

అంతా విని సిరీలో తల వంచుకున్నాడు. దొరొతేయా అత్త నా చెంప పగలగొట్టింది, కొట్టాలి కూడా. ఇక ఎన్నడూ పండుగలో తల్లి పల్లకీకి భుజం పట్టకూడదని నాకు శిక్ష వేశారు. ఒప్పుకున్నాను. ఇనుప తలుపు మాట కొట్టేశారు. కొండ మీద ఎండినవి మూడున్నాయి, రాయితో కొట్టి చూడాల్సింది నువ్వేనని తీర్మానం రాశారు.

క్షమించమని అడగను. నాతో మాట్లాడకు, నా మొహం చూడకు. తలుపు మాత్రం నువ్వే చెయ్యి.