ఇరవై లక్షల అంకెల నంబరు

1999 జూలై

అన్నా,

నువ్వు పోయి ఇయ్యాలటికి ఏడాది. అయినా ఈ ముచ్చట నీకు చెప్పకుంటె నాకు నిద్ర పట్టదు. లోకంల ఇప్పటిదాంక దొరికినవాట్లల్ల అన్నిటికన్న పెద్ద ప్రైమ్ నంబర్ దొరికిందంట! ఇరవై లక్షల అంకెలు! రెండును 69,72,593 సార్లు గుణించి ఒకటి తీసేస్తే అదే. ఆ నంబరున్న ఫైల్ నెట్ల ఇంక దిగుతుండంగనే, హైటెక్ సిటీ ఆఫీసుల మా విజయవాడ సారు అడిగిన్రు: "ఆఖరి అంకె ఏంటో చెప్పండి చూద్దాం."

నువ్వు బోరబండ బస్సుల నేర్పిన లెక్కే అన్నా! రెండు, నాలుగు, ఎనిమిది, ఆరు. ఆఖర్ల ఎప్పుడూ ఈ నాలుగే తిరుగుతయి. 69,72,593ల ఆఖరి 93ని నాలుగుతోని భాగిస్తే ఒకటి మిగులుతది, అంటే వరుసల మొదటిది, రెండు. అందులకెల్లి ఒకటి తీస్తే ఒకటి. "ఒకటి సార్!" అని ఒర్రిన. గంటకు ఫైల్ దిగింది. ఆఖర్ల ఒకటే! సారు ముఖం చూడాల్సుండె నువ్వు!

ఇంటికొస్తుంటె బస్సు టికెట్ చూసిన. చివరి రెండంకెలు ప్రైమైనోళ్లకే కిటికీ సీటు అని మన పందెం కదా. ఇయ్యాల నాకు 91 వచ్చింది. అది వచ్చినప్పుడల్లా నేను ప్రైమే అంటుంటి. నువ్వేమో "ఏడు పదమూళ్లు, లే చెల్లె" అని నవ్వుకుంట సీటు గుంజుకుంటుంటివి.

కిటికీ కాడ కూసొని, "91 ప్రైమే" అని గట్టిగనే అన్న.

ఎవ్వరు కాదనలే.