మంగ్లు చిన్నయ్య సిపాయి కాడట

6 నవంబరు 1925, శుక్రవారం

సంతలో మధ్యాహ్నానికే కుట్టుమిషను మూసేశాను. ఆ తర్వాత కుట్టడానికి చేతులు ఆడలేదు.

కొత్త ఇనస్పెక్టరు వచ్చాడు. మన్యం పితూరీ అణిగి ఏడాది దాటినా కొండల్లో ఉన్న ప్రతి తుపాకీనీ మళ్ళీ తనిఖీ చేస్తున్నారు. పాత సిపాయిలకు తప్ప ఇంకెవరికీ లైసెన్సు ఉంచరట. మా చుట్టుపక్కల పాత సిపాయిలు ఇద్దరే. ఒకరు మా నాన్న సన్యాసిరావు. ఇంకొకరు మంగ్లు చిన్నయ్య. బర్మా యుద్ధానికి ఒకే కంపెనీలో వెళ్ళారు. నాన్న మైదానం మనిషి, చిన్నయ్య ఇక్కడి కొండజాతి మనిషి, కోదు. సర్వీసు అయిపోయాక నాన్నకి విజయనగరంలో కాలు నిలవలేదు. అరకులో చిన్నయ్య వాళ్ళ ఊరికే వచ్చి ఆయన ఇంటి పక్కనే ఇల్లు వేసుకున్నాడు. మా ఆయన పోయాక నేనూ ఇక్కడికే చేరాను. చిన్నయ్యది మా కులం కాదు. చిన్నప్పటి నుంచీ నాకు బాబాయి వరస మాత్రం.

షావుకారు పైడిరాజు ఇనస్పెక్టరు చెవిలో వేశాడు. ఈ ముసలాళ్ళు సిపాయిలేమిటి, ఆ మెడల్సు భీమిలిలో పాతసామాన్ల కొట్లో కొన్నవి అన్నాడు. గెడ్డ వాగు పక్కన చిన్నయ్య పసుపు మడి మీద పైడిరాజుకి చాలాకాలంగా కన్నుంది. అక్కడ గిడ్డంగి కడతానని అడిగితే చిన్నయ్య ఇవ్వనన్నాడు.

ఇనస్పెక్టరు ఇద్దరినీ సంత మధ్యలో నిలబెట్టాడు. సిపాయిలైతే డ్రిల్లు చేసి చూపించమన్నాడు. ఇద్దరు కానిస్టేబుళ్ళ తుపాకులు వాళ్ళ చేతికిచ్చి ఏదో ఆర్డరు అరిచాడు. వీళ్ళకి ఆ మాట తెలియదు. కదలకుండా నిలబడ్డారు. అంతలో నాన్న తనే పాత ఆర్డరు ఇచ్చాడు. ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు. ఇద్దరి తుపాకులూ ఒక్కసారే లేచాయి. నిటారుగా, కుడి భుజానికి ఆనుకుని నిలిచాయి. చిన్నయ్య వంగిన నడుం కూడా లేచింది.

ఎంత బాగా చేశారో అనుకున్నాను. కానిస్టేబుళ్ళు నవ్వారు. ఇప్పుడు తుపాకీ ఎడమ భుజం మీద పెడతారట. ఆ పాత పద్ధతి పోయి ఎన్నాళ్ళయిందో వాళ్ళకే తెలియదు, వాళ్ళు అప్పటికి పుట్టలేదు. ఇది ఏ సైన్యం డ్రిల్లూ కాదు, పితూరీగాళ్ళు అడవిలో సొంతంగా కల్పించుకున్నది అన్నాడు ఇనస్పెక్టరు.

పిప్పళ్ళు అమ్మే ఆడవాళ్ళు కూడా నవ్వారు. వాళ్ళెందుకు నవ్వారో నాకు తెలియలేదు. భయపడి అయ్యుంటుంది.

7 నవంబరు

తుపాకులు, మెడల్సు తీసుకుపోయారు.

మెడల్ అంచు చుట్టూ సిపాయి పేరు ఇంగ్లీషులో చెక్కి ఉంటుంది. నాన్నదాని మీద సన్యాసి అని ఉంది. చిన్నయ్యదాని మీద మంగ్లు అని లేదు. అప్పన్న అని ఉంది. ఇనస్పెక్టరు అది పైకి చదివి, ఎవడిదిరా ఇది, ఎక్కడ కొట్టేశావు అన్నాడట.

నాన్నని అడిగాను. పొయ్యి దగ్గర కూర్చుని చెప్పాడు. కరువులో చిన్నయ్య కొండ దిగి విజయనగరం వచ్చాడు. కంటోన్మెంటు గేటు దగ్గర సిపాయిల్ని చేర్చుకుంటుంటే ఇద్దరూ ఒకే వరసలో నిలబడ్డారు. కొండవాళ్ళని తీసుకోం అన్నాడు హవల్దారు. ఊరేది, పేరేది అని చిన్నయ్యని అడిగేసరికి వెనక నుంచి నాన్నే జవాబిచ్చాడు. మా ఊరే, మా అప్పన్నే అని. ఆ క్షణం వరకూ ఆ ఇద్దరికీ ముఖపరిచయం కూడా లేదు.

ఎందుకలా చెప్పావు అన్నాను.

“ఆకలేత్తన్నాదని మొకంలో తెలుత్తన్నాది గుంటా. ఏటి సేత్తాను మరి” అన్నాడు.

9 నవంబరు

రాత్రి అడవిపందులు పడ్డాయి. చిన్నయ్య పసుపు మడి ఒక పక్కంతా కుళ్ళగించి వదిలాయి. తుపాకీ ఉంటే ఇంత దగ్గరికి రావు.

13 నవంబరు, శుక్రవారం

కేసు పెట్టారు. సిపాయి కాకుండా సిపాయి మెడల్ పెట్టుకోవడం నేరమట. సిపాయి కాకపోతే తుపాకీ కాల్చడం, డ్రిల్లు చెయ్యడం ఎక్కడ నేర్చుకున్నాడు అన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. పితూరీ వాళ్ళ దగ్గరే అంటున్నారు. చిన్నయ్య ఆ రెండేళ్ళూ ఊరు దాటలేదు. అది చెప్పగలిగినవాళ్ళు ఊరివాళ్ళే. ఊరివాళ్ళ మాట లెక్కలోకి రాదు.

నాన్న మీద కూడా అదే కేసు. వచ్చే నెల శృంగవరపుకోటలో ఎంక్వయిరీ. అప్పట్లో వీళ్ళతో పనిచేసిన పెద్దమనిషి ఎవరైనా వచ్చి గుర్తుపడితే వదిలేస్తామన్నారు.

ఒక్కరున్నారు. సుబేదారు సర్వేశ్వరరావుగారు. విజయనగరంలో ఉండాలి, బతికుంటే.

20 నవంబరు, విజయనగరం

బతికే ఉన్నారు.

పసుపు బళ్ళతో పాటు అనంతగిరి ఘాటు దారి దిగి, శృంగవరపుకోటలో ఒక రాత్రి పడుకుని వచ్చాను. ఒళ్ళు హూనమైంది. కానీ రావడం మంచిదైంది. ఆయనకి ఎనభై దాటి ఉంటాయి. చూపు బాగానే ఉంది, చెవులూ వినిపిస్తున్నాయి. నాన్న పేరు చెప్పగానే నాయక్ సన్యాసా అని పాత హోదాతో అంటూ లేచి కూర్చున్నారు. అప్పన్న పేరు చెప్పేసరికి ఆయన కళ్ళంట నీళ్ళు కారిపోయాయి.

బర్మాలో కలరా తగిలి కంపెనీ సగం పడిపోయిందట. ఆయన్ని ముట్టుకోవడానికి అందరూ భయపడితే అప్పన్న ఒక్కడే దగ్గర కూర్చున్నాడట. దోసిలితో నీళ్ళు పట్టాడట. నది దాకా వీపున మోసుకెళ్ళి పడవలో వేశాడట. “ఆడి సేతి నీల్లు తాగబట్టి బతికినానమ్మా. సొంత కొడుకులైనా అంత సెయ్యరు” అన్నారు. కొడుకు పక్కనే ఉన్నాడు.

శృంగవరపుకోట ఎంక్వయిరీకి వస్తారా అని అడిగాను. బండి కట్టించమని అప్పుడే కొడుకుతో చెప్పారు.

అప్పన్న కొండవాడని, కోదు అని, మంగ్లు అసలు పేరని చెప్పలేదు. నోటిదాకా వచ్చింది. చెబితే రారేమో అనిపించింది. మనిషిని కళ్ళారా చూస్తే ఇక ఆ మాటే అడ్డం రాదులే అనుకున్నాను.

29 నవంబరు

ఇంటికొచ్చి చెప్పాను. చిన్నయ్య చాలాసేపు నవ్వాడు. సుబేదారు అంత బరువున్నాడని ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు, ఆయనకి సిగ్గుగా ఉంటుందని, అన్నాడు. చిన్నయ్య భార్య గంగ పిన్నమ్మ ఆయన ఖాకీ కోటు ఎండలో వేసింది. భుజం దగ్గర చిరిగితే నేను కుట్టిచ్చాను.

14 డిసెంబరు, శృంగవరపుకోట

ఎలా రాయను. వరసగా రాస్తాను.

కచేరీ ముందు జనం. సుబేదారుగారు బండి దిగారు. పాత కోటు, తలపాగా, మెడల్సు. పక్కన కొడుకు, వాళ్ళ కులపెద్దలు ఇద్దరు. ఇంత దూరం ఆయన్ని ఒంటరిగా పంపలేక వచ్చారట. నాన్నా చిన్నయ్యా వేపచెట్టు కింద నిలబడి ఉన్నారు. సుబేదారుగారు దూరం నుంచే చిన్నయ్యని చూశారు. గుర్తుపట్టారు. నేను ప్రమాణం చేసి చెప్పగలను. ఆయన మొహం విప్పారింది, రెండు చేతులూ ముందుకి వచ్చాయి, కర్ర కింద పడిపోయింది.

అప్పుడే గుమాస్తా పిలిచాడు. మంగ్లు, కులం కోదు, అరకు.

చిన్నయ్య వస్తున్నాను బాబూ అని కదిలాడు. సుబేదారుగారు ఆగిపోయారు. కొడుకు కర్ర తీసి ఇచ్చాడు. కులపెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ చేతి నీళ్ళ కథ వాళ్ళందరికీ తెలుసు. ఎన్నిసార్లు విన్నారో.

ఎంక్వయిరీ ఆఫీసరు చిన్నయ్యని అడిగాడు, నువ్వు మంగ్లువా, అప్పన్నవా అని.

“అక్కడ అప్పన్నని, ఇక్కడ మంగ్లుని బాబూ. దెబ్బ తగిలితే ఇద్దరికీ తగిలేది” అన్నాడు.

ఆఫీసరుకి నవ్వు రాలేదు. సుబేదారుగారి వైపు తిరిగి, ఈ మనిషిని ఎరుగుదురా అన్నాడు. చిన్నయ్య ఆయన్నే చూస్తున్నాడు, చిన్నపిల్లాడిలా నవ్వుమొహంతో. సుబేదారుగారు తన అరచేతుల్లోకి చూసుకున్నారు.

“ఎరగను” అన్నారు.

అప్పన్న అనేవాడు మీ కంపెనీలో ఉండేవాడా అని ఆఫీసరు అడిగాడు. ఉండేవాడు, మైదానం వాడు, మా వాడు, బర్మాలోనే కలరాతో పోయాడు అన్నారు.

చిన్నయ్య మొహంలో నవ్వు వెంటనే పోలేదు. అది చూడటమే కష్టమైంది.

నాన్నని మాత్రం ఎరుగుదును అన్నారు. నాయక్ సన్యాసి, మంచి సిపాయి అన్నారు. నాన్న ముందుకొచ్చాడు. బల్ల మీద ఉన్న తన మెడల్‌ని వేలితో అవతలికి నెట్టాడు.

“నాను ఈయన్ని ఎరగను బాబూ. నాను సిపాయిని కాను. ఆడు కాకపోతే నానూ కాను. రాసుకోండి” అన్నాడు.

ఆఫీసరు రాసుకోలేదు. ముసలాయన స్నేహం కొద్దీ అంటున్నాడులే అని మెత్తగా అన్నాడు. నాన్న మళ్ళీ చెప్పాడు, గట్టిగా. బయటికి పంపేశారు. రాసుకోలేదని తెలిసి నా ప్రాణం కుదుటపడింది. నాన్న జైలుకి వెళ్ళక్కర్లేదు. ఆ ఊరట ఇంకా ఒంట్లోనే ఉంది. దాన్ని చూస్తే నాకే అసహ్యంగా ఉంది.

చిన్నయ్యకి మూడు నెలలు. విశాఖపట్నం జైలు. చచ్చిన సిపాయి మెడల్ దొంగిలించి పెట్టుకున్నందుకు. పితూరీ సంగతి తర్వాత చూస్తారట.

పోలీసులతో వెళ్తూ చిన్నయ్య నాన్నతో ఒక్క మాటే అన్నాడు. పందులు మళ్ళీ వస్తాయి, గంగ ఒక్కత్తే కాయలేదు అని.

బండెక్కుతూ సుబేదారుగారు నన్ను పిలిచారు. “ముందే సెప్పకపోయావా తల్లీ” అన్నారు. కోపం లేదు ఆ గొంతులో. బతిమాలుతున్నట్టుంది. ముందే చెప్పి ఉంటే ఇంట్లోనే ఎరగనని ఉండేవారు. అంతే తేడా.

15 డిసెంబరు

ఘాటు ఎక్కుతున్నంతసేపూ నాన్న నాకంటే ఇరవై అడుగులు ముందే నడిచాడు.

27 డిసెంబరు

కానిస్టేబులు వచ్చి నాన్న తుపాకీ, మెడల్ తిరిగి ఇచ్చాడు. నాన్న తీసుకోనన్నాడు. తీసుకోకపోతే నా ఉద్యోగం పోతుంది అని అతను అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు. నేను తీసి అటక మీద పెట్టాను.

నాన్న రోజూ చీకటి పడ్డాక చిన్నయ్య మడి దగ్గరికి వెళ్తున్నాడు. తుపాకీ పట్టుకెళ్ళు అన్నాను. ఖాళీ డబ్బా, కర్ర పట్టుకెళ్ళాడు. మంచులో తెల్లవార్లూ ఆ డబ్బా చప్పుడు. పందులకి అది అలవాటైపోయింది.

పైడిరాజు సంతలో నాన్నకి నమస్కారం పెట్టాడు. పొరపాటైంది సిపాయి బాబూ, ఆ కొండోడు మిమ్మల్ని కూడా మోసం చేశాడు అన్నాడు. నాన్న అతని మొహాన ఉమ్మేస్తాడనుకున్నాను. తల దించుకుని వచ్చేశాడు.

17 జనవరి 1926

పసుపు మడిలో ఇక కాయడానికి ఏమీ లేదు. అయినా వెళ్తున్నాడు.

24 జనవరి

జైల్లో చిన్నయ్యని చూడటానికి విశాఖపట్నం వెళ్దామని నాన్న బయలుదేరాడు. అనంతగిరి దాకా వెళ్ళి జ్వరంతో వెనక్కి వచ్చాడు. నేను వెళ్తానన్నాను. ఆయన్ని ఈ స్థితిలో ఎవరు చూస్తారు? ఆగాను. పై వారం చూద్దామనుకున్నాను. 

31 జనవరి

ఈ వారం కూడా ఆగాను.

16 ఫిబ్రవరి

చిన్నయ్య పోయాడు.

జైలు ఆస్పత్రిలో, రక్త విరేచనాలతో. మాకు కబురు వచ్చేసరికి పాతిపెట్టడం కూడా అయిపోయింది. కబురు తెచ్చిన కానిస్టేబులు చాలా మర్యాదగానే చెప్పాడు. పిన్నమ్మ వాకిట్లో చోళ్ళు చెరుగుతోంది. చేట ఆపలేదు. అంతా విని ఒకే ఒక్క మాట అడిగింది.

“ఏ పేరెట్టి పాతినారు?”

అతనికి తెలియదు.

నాన్న వాళ్ళ గుమ్మం దగ్గర కూలబడిపోయాడు. పిన్నమ్మే లేచి ఎప్పటిలాగే డొప్పలో అంబలి పోసి ఆయన ముందు పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది. నాన్న ఆ డొప్ప అందుకోలేకపోయాడు. సాయంత్రానికి అంబలి మీద పొర కట్టింది. నేను తెచ్చి కుక్కకి పోశాను.

3 మార్చి

పిన్నమ్మ తమ్ముడు వచ్చి ఆమెని పెదబయలు తీసుకుపోయాడు. వెళ్ళేముందు నా చెయ్యి పట్టుకుంది. ఏమైనా అంటుందేమోనని చూశాను. చెయ్యి వదిలి మూట ఎత్తుకుంది.

11 ఏప్రిల్

మడిలో గిడ్డంగికి పునాది తవ్వుతున్నారు.

2 మే

మిషనరీ బడి మాస్టరు పిల్లల్ని మా ఇంటికి తీసుకొచ్చాడు. బర్మా యుద్ధం చూసిన సిపాయి ఈ చుట్టుపక్కల ఈయనొక్కరే, కథలు చెప్పించుకోండి అన్నాడు. పిల్లలు అరుగు కింద కూర్చున్నారు.

నాన్న వాళ్ళందర్నీ ఒకసారి చూసి, బర్మాయా, అదెక్కడున్నాది అన్నాడు. ఎప్పుడూ వెళ్ళలేదన్నాడు. ఓడ ఎక్కలేదన్నాడు. అసలు సముద్రమే చూడలేదన్నాడు. పిల్లలు పకపకా నవ్వారు. మాస్టరు నా వైపు చూశాడు.

నేను నాన్న మొహంలో అబద్ధం కోసం వెతికాను. ఎంత వెతికినా కనిపించలేదు.